మార్కులు బడివా, బస్తీవా?

హైదరాబాద్ శివారులోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో, మొన్నీమధ్య మూడో తరగతి హాజరు పట్టీ తిరగేశాను. బడి పేరు రాయను. రాస్తే హెచ్‌ఎం గారికి మెమో వస్తుందేమోనని భయం. జూన్‌లో వరుసగా రాసిన పేర్ల కింద ఆగస్టులో, నవంబర్‌లో వేరే ఇంకుతో చేర్చిన పేర్లున్నాయి. కొన్నింటి మీద ఎర్ర గీతలు. పండక్కి పాలమూరు వెళ్లి మళ్లీ రానివాళ్లు, తండ్రికి ఇంకో సైటులో పని దొరికితే వెంట పోయినవాళ్లు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పాప పక్కన ఒడియా మాట్లాడే బాబు, వాళ్ల వెనక హిందీ తప్ప ఇంకోటి రాని అన్నాచెల్లెళ్లు. అందరి ముందూ ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకం. ఆ బాబుకు రెండు పేజీలూ ఒకటే.

ఏడాది చివర్లో ఈ తరగతికి ఒక శాతం అంకె వస్తుంది. దాన్ని చూసి పై అధికారి 'వెనకబడిన బడి' అంటాడు, పక్క వీధి ప్రైవేటు స్కూలు ఫ్లెక్సీ కడుతుంది. నాకు తెలిసి ఆ అంకెలో ఎక్కువ భాగం బడికి ఎవరొస్తున్నారో చెబుతుంది. బడి ఏం నేర్పిందో చెప్పేది కొంచెమే.

ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ బృందం దాదాపు 4,000 బడుల పిల్లలను పరీక్షించి 1966లో నివేదిక ఇచ్చింది. నల్లవారి బడులకు వసతులు తక్కువ కాబట్టే మార్కులు తక్కువని తేలుతుందని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే భవనాలు, పుస్తకాల కంటే పిల్లవాడి ఇల్లు, పక్కన కూర్చునే పిల్లల ఇళ్లు మార్కులను ఎక్కువగా శాసిస్తున్నాయని తేలింది.

మన దగ్గరే ఇంకా గట్టి రుజువుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో అయిదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో లాటరీ తీసి, ఎంపికైన సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. లాటరీ కాబట్టి పేర్లు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఇంటి పరిస్థితుల్లో తేడా ఉండదు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు వర్గాలూ సమానమే. ప్రైవేటు వాళ్లు ముందున్నది హిందీలో, అదీ సర్కారు ప్రాథమిక బడుల్లో అంతగా చెప్పని సబ్జెక్టు కావడం వల్ల. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రచురించిన ఈ అధ్యయనం పల్లెలది, నగరానికి అచ్చంగా అతకదు. అయినా బయట కనిపించే మార్కుల తేడాలో చాలావరకు ఇంటి నుంచి వచ్చేదేనని చూపించింది. సర్కారు బడి మీసం మెలేయడానికీ లేదు. అంతే చదువును ప్రైవేటు బడులు మూడో వంతు కన్నా తక్కువ ఖర్చుతో చెప్పాయి.

అలాగని స్టాఫ్ రూముల్లో తరచూ వినిపించే 'మా దగ్గరికొచ్చేది కూలీల పిల్లలండీ, ఏం చేస్తాం' అనే మాటను నేను ఒప్పుకోను. షికాగో సంగతే చూడండి. 1987లో అక్కడి బడులు దేశంలోకెల్లా అధ్వానమని అమెరికా విద్యామంత్రి విలియం బెన్నెట్ అన్నారు. పిల్లల్లో ఎక్కువమంది పేదలే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు సీన్ రియర్డన్ మార్కులు ఎంతని అడగడం మాని, ఏటా ఎంత పెరిగాయని లెక్క కట్టారు. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా, అయిదేళ్లలో అక్కడి పిల్లలు ఆరేళ్ల చదువు నేర్చారని 2017లో తేలింది. మార్కులు మాత్రం అప్పటికీ జాతీయ సగటు కంటే కిందే. మన పద్ధతిలో చూస్తే అదీ వెనకబడిన నగరమే.

ఇలాంటి లెక్క మనకెందుకు లేదు? తరచూ ఉటంకించే అసర్ (పిల్లల చదువు స్థాయి సర్వే) నివేదిక ప్రధానంగా గ్రామాలది, బస్తీ పిల్లవాడు అందులో కనపడడు. జాతీయ సర్వేలు కొన్నేళ్లకోసారి కొన్ని బడుల్లో కొన్ని తరగతులను పరీక్షిస్తాయి. మళ్లీ వచ్చేసరికి కూర్చునేది వేరే పిల్లలు. 2022–23 నుంచి దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో ఒక్కో పిల్లవాడి వివరాలు ఎక్కిస్తున్నారు. ఆధార్, కులం, తల్లి పేరు అన్నీ అడుగుతారు. చేరిన రోజున ఏం చదవగలడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతాడు, ఇది ఎన్నో బడి, ఈ మూడూ కలిసి అతని వెంట వచ్చే ఏర్పాటు మాత్రం లేదు. తెలంగాణలో 2022లో మొదలైన, చదవడం, రాయడం, లెక్కలు నేర్పే 'తొలిమెట్టు' కార్యక్రమంలో టీచర్లు స్థాయి పరీక్షలు పెట్టి కాగితాలు నింపుతారు. పిల్లవాడు బడి మారితే ఆ కాగితం పాత బడి బీరువాలోనే ఉంటుంది.

టీచర్ల లెక్కా అంతే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, తరగతులేమో అయిదు. చట్టం తలలు లెక్కపెడుతుంది. నాలుగు ఇంటి భాషలు, మూడు చేరిక తేదీలు ఉన్న 30 మందికీ, అంగన్‌వాడీ నుంచి కలిసి ఎదిగిన 30 మందికీ ఒకే కొలత. పిల్లలు ఊరెళ్లి సంఖ్య పడిపోతే, పిల్లల లెక్కను బట్టి టీచర్లను సర్దే రేషనలైజేషన్ వచ్చి, ఉన్న పోస్టుకూ ఎసరే. పిల్లలు ఎక్కువగా వచ్చిపోయే బడికి అదనపు టీచర్ ఇవ్వాల్సింది పోయి, ఉన్నవాళ్లను లాక్కునే ఏర్పాటిది.

ఆ బడిలోనే నవంబర్‌లో చేరిన ఒడియా బాబుకు అప్పటికి ఒక్క తెలుగు అక్షరం తెలియదు. మార్చిలో నా ముందు వాచకం తెరిచి 'పలక', 'బావి', 'చేప' వేలు పెట్టి చదివాడు. ఒత్తుల దగ్గర ఆగి టీచర్ వైపు చూశాడు. మూడో తరగతి స్థాయి పరీక్షలో అతనికి సున్నాకు కాస్త ఎక్కువ వచ్చింది, తరగతి సగటును కిందికి లాగిన నలుగురిలో అతనొకడు. తండ్రి పనిచేస్తున్న అపార్ట్‌మెంట్ ఏప్రిల్‌లో పూర్తయింది. జూన్‌లో పట్టీలో అతని పేరు లేదు. యూడైస్‌లో, బడి వదిలిన పిల్లల పేర్లు ఉంచే డ్రాప్ బాక్స్‌లో ఉందని, ఏదైనా బడి అడిగితే పంపుతామని టీచర్ చెప్పింది. నేనడిగిన రోజు వరకు ఏ బడీ అడగలేదు.