లోపలెవులు సూస్తారు?

ఇరవై ఏళ్ల నుంచి మిషను కుడుతున్నాను. ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. జాకెట్టు లోపలి కుట్లు మడిచి కుడతానంటే ఇదే మాట, ఫాల్ చేత్తో హెమ్మింగ్ చేస్తానంటే ఇదే మాట. "ఎందుకొదినా అంత అవస్త, లోపలెవులు సూస్తారు?" అంటారు, వెంటనే రేటు తగ్గించమంటారు. ఎప్పుడూ ఊరుకునేదాన్ని. మొన్న ఏప్రిల్లో ఒక పెళ్లికూతురి శాటిన్ టోపీ దగ్గర మాత్రం ఊరుకోలేకపోయాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు. అందుకే రాస్తున్నాను, కాస్త పొడుగే అవుతుంది.

మాది పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు నుంచి అటు వెళ్లింది, ఇళ్లలో తెలుగు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. నా దగ్గరికి తెలుగువాళ్లు వస్తారు, ఒడియా వాళ్లు వస్తారు, కొండల మీంచి సవర కుటుంబాలు దిగొస్తాయి. మా గజపతి జిల్లాలో క్రైస్తవులు ఎక్కువ కాబట్టి చర్చి పెళ్లిళ్ల పని నాకు ఏడాదిలో చాలా నెలలుంటుంది. తెల్ల పట్టుచీర, తలమీద నెట్టు ముసుగు, దాని మీద ముత్యాలు అంటించిన ప్లాస్టిక్ కిరీటం. ఆ కిరీటం అద్దెకి దొరుకుతుంది. ఒకే కిరీటం నేనే ఆరుగురి తలల మీద చూశాను.

ఈ పెళ్లికూతురు నర్సింగ్ చదివిన పిల్ల. కిరీటం వద్దు, చిన్న గుండ్రటి శాటిన్ టోపీ కావాలి, దాని వెనక నుంచి నెట్టు దిగాలి అంది. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. పెళ్లికూతురికి కిరీటం లేకపోతే ఎలా అని. నేను చెప్పాను: ఈ తెల్ల శాటిన్ పెళ్లి బట్టల మోజు లోకానికి పాకటానికి కారణం విక్టోరియా రాణి, 1840 ఫిబ్రవరి 10న ఆవిడ పెళ్లి. తెల్ల శాటిన్ గౌను వేసుకుంది, తలమీద మాత్రం కిరీటం పెట్టుకోలేదు, నారింజ పూల దండ పెట్టుకుంది. దేశాలేలే రాణే వద్దనుకుంది, మన పిల్ల వద్దంటే తప్పేముంది వదినా అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి సరేనంది.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత వాళ్లు నాకు చెప్పకుండా ఫోన్లో చూసి, ఒక షాపు నుంచి 2,800 రూపాయలు పెట్టి టోపీ తెప్పించారు. పెళ్లి ఇంకా పదకొండు రోజులుందనగా అది వచ్చింది. డబ్బా మీద 'హ్యాండ్‌మేడ్' అని బంగారు అక్షరాలు. పిల్ల పెట్టుకుంటే నుదురు పట్టేస్తోంది, తల వంచితే జారిపోతోంది. "పిన్నీ, కొంచెం వదులు చేసి పెట్టవా" అని తెచ్చింది.

వదులు చెయ్యాలంటే కుట్టు విప్పాలి కదా. కుట్టు ఎక్కడుందా అని వెతికాను. లేదు. టోపీ మొత్తంలో ఒక్క దారప్పోగు లేదు. అంచు పట్టుకుని లాగితే శాటిన్ చర్రుమని ఊడి వచ్చింది, కింద గమ్ము తీగలు సాగుతున్నాయి. గమ్ము గడ్డకట్టిన చోటల్లా గుడ్డ మీద బుడిపెలు. లోపల ఉన్నది టోపీ నిలబడటానికి వేసే బక్రం గుడ్డ కాదు, బిస్కెట్ పెట్టె అట్ట. ఆ అట్ట మీద సగానికి కత్తిరించిన బార్‌కోడు. పెళ్లిపీట ముందు నిలబడే పిల్ల నుదుటికి ఆ బార్‌కోడు ఆనుకుని ఉండేది.

నేను ఆ ముక్క పట్టుకుని చూపిస్తే వాళ్లమ్మ అన్న మాట ఏమిటో తెలుసా? "పోనీలే వదినా, లోపలెవులు సూస్తారు. మళ్లీ గమ్మెట్టి అంటించీ, బేగి అయిపోద్ది."

నాకు ఎందుకంత కోపం వచ్చిందో చెబుతాను. ఆ మాట ఒకసారి నేనూ అన్నాను. కొత్తగా పని మొదలెట్టిన రోజుల్లో ఒక అమ్మాయికి ఇలాగే టోపీ కుట్టాను. టైము లేదు, లైనింగు వెయ్యలేదు. బక్రం అలాగే వదిలేశాను. లోపలెవరు చూస్తారని వాళ్లకి నేనే చెప్పాను. బక్రం అంటే గంజి ఎక్కించిన గరుకు గుడ్డ, చర్మానికి తగిలితే ఉప్పుకాగితంలా గీకుతుంది, చెమటకి తడిస్తే మెత్తబడి ఒంగిపోతుంది. చర్చిలో రెండు గంటలు, తర్వాత విందు, ఫొటోలు. సాయంత్రం టోపీ తీసేసరికి ఆ పిల్ల నుదుటి మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఎర్రటి గీత. ఏమీ అనలేదు ఆ పిల్ల. అనుంటే బాగుండేది. లోపల ఎవరూ చూడరు నిజమే, పెట్టుకున్న మనిషికి రోజంతా తెలుస్తూనే ఉంటుంది.

గమ్ము గన్ను పెట్టుకుని పది నిమిషాల్లో పెళ్లి టోపీ అని చూపించే వీడియోలు నేనూ చూశాను. బడి పిల్లల వేషాలకైతే గమ్ము చాలు, నేనూ వాడతాను. పెళ్లికి వద్దు. వేడి గమ్ము పాలిస్టర్ శాటిన్‌ని ముడిచేస్తుంది. ఒకసారి అంటించాక సర్దటానికి వీలుండదు. తలకి బిగుతైతే విప్పలేం. పైగా దాన్ని చేతిపని అని అమ్మటం నాకు మరీ బాధ. చేతిపని అంటే సూది ముట్టుకున్న పని. సూది ముట్టుకోని పనికి ఆ పేరు పెట్టి 2,800 తీసుకుంటే, రేపు నిజంగా చేత్తో కుట్టినామె 1,200 అడిగినా జనం అనుమానంగా చూస్తారు. చూస్తున్నారు కూడా.

శాటిన్ మీద ఎందుకింత జాగ్రత్త అంటే, అది గుడ్డ పేరు కాదు, నేత పేరు. పట్టుతోనూ నేస్తారు, పాలిస్టర్‌తోనూ నేస్తారు. మా అత్తగారు బరంపురం దేవాంగుల ఇంటి ఆడపడుచు, మగ్గం పక్కనే పెరిగింది. ఆవిడే నాకు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించింది: మామూలు నేతలో పోగు ఒకటి పైకి, ఒకటి కిందకి వెళుతుంది. శాటిన్‌లో నిలువు పోగు నాలుగో, అంతకన్నా ఎక్కువో అడ్డపోగుల మీంచి తేలుతూ వెళ్లి ఒకదాని కింద దూరుతుంది. అలా తేలటం వల్లే ఆ మెరుపు. తేలిన పోగు గోరు తగిలినా లేచిపోతుంది. గుండుసూది గుచ్చితే ఆ చిల్లు మళ్లీ పూడదు. తప్పు కుట్టి విప్పితే ఆ కుట్ల వరస అలాగే చుక్కలు చుక్కలుగా మిగిలిపోతుంది. అందుకే గుండుసూదులు అంచు మార్జిన్లోనే పెడతాను. మిషనుకి ఎప్పుడూ ఉండే 14 నంబరు సూది తీసి 11 వేస్తాను, చేతికుట్టుకి అన్నిటికన్నా సన్నటి సూది. ఇస్త్రీ మెరుపులేని వైపు నుంచే, మధ్యలో మల్లుగుడ్డ వేసి.

ఆ అట్ట టోపీ పక్కన పడేసి, నేనే కొత్తది కుడతానన్నాను. తల కొలత జడతో తీసుకోకూడదు. పెళ్లిరోజు ముడి ఎలా వేసుకుంటుందో అలాగే వేయించి, ముడికి పైగా టేపు తిప్పాను. సరిగ్గా 22 అంగుళాలు. చిన్నప్పుడు లెక్కల మాస్టారు 22/7 అని బెత్తం పట్టుకుని వల్లె వేయించారు కదా, చుట్టుకొలత 22 అయితే అడ్డం కొలత 7. ఆ లెక్క నా బతుకులో ఇంత సూటిగా పనికొచ్చింది ఆ రోజే. 7 అంగుళాల బిళ్ల, చుట్టూ రెండున్నర అంగుళాల పట్టీ, లైనింగు మందానికి పావంగుళం వదులు. బక్రం రెండు పొరలు, పోగు దిశ మార్చి ఒకదాని మీద ఒకటి. అంచు వెంట సన్న తీగ, దాన్ని కాజా కుట్టుతో పట్టాను. దాని మీద పసిపిల్లల గుడ్డలకి వాడే పలుచటి ఫ్లానెల్, లేకపోతే బక్రం గళ్లు శాటిన్ మీదికి తేలతాయి.

పట్టీకి శాటిన్ క్రాసులో, అంటే ఏటవాలుగా కత్తిరించాను. నిలువులో కత్తిరిస్తే గుడ్డ కలిసొస్తుంది, గుండ్రం తిరిగే చోట మాత్రం ముడతలు లేస్తాయి. పట్టీ ఒకే ముక్కలో రావాలి. రెండు ముక్కలు ఎదురుబొదురు దిశల్లో కలిపావా, ఒకటి తెల్లగా, ఒకటి బూడిదగా కనపడుతుంది, ఫొటోలో మరీను. శాటిన్ అంచుని లోపలికి లాగి బక్రానికి మాత్రమే పట్టేలా కుట్టాలి, సూది మొన పైకి పొడుచుకు రాకూడదు. నాకు ఎక్కువ టైము పట్టేది ఇక్కడే. లోపల కాటన్ లైనింగు, నుదురు తగిలే చోట గీతల రిబ్బను. చెవుల దగ్గర పిన్నులకి రెండు దారపు ఉచ్చులు, వెనక దువ్వెన, నెట్టు కుచ్చిళ్లు దానికి కుట్టేశాను. గుడ్డ, సామాను కాకుండా 1,200 అడిగాను. మొత్తం 13 గంటలు. గంటకి వంద కూడా పడలేదు.

మధ్యలో వాళ్లమ్మ వచ్చి ఇంకా అవ్వలేదా, టోపీయే కదా అంటే నేను ఒకటే అడిగాను. పెళ్లిచీరకి బరంపురం వెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. తెల్లపట్టు చీరలు వరసగా పరిచారు. ఆవిడ ప్రతి చీరా తిరగేసి, వెలుతురుకి పట్టి, అంచు వెనక పోగులు వేలితో నిమిరి, ఒక చీరకి వెనకాల పోగులు తేలాయని పక్కన పెట్టేసింది. "ఆ రోజు తిరగేసి ఎందుకు చూశావొదినా? లోపలెవులు సూస్తారని?" అని అడిగాను. ఆవిడ మాట్లాడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది, లైనింగు కుట్టటం అయ్యేదాకా లేవలేదు. మధ్యలో నా కోసం ఒకసారి దారం ఎక్కించింది.

ఆఖరిసారి పెట్టి చూసుకునే రోజు పిల్ల అద్దం ముందు తల ఇటూ అటూ తిప్పింది, వంచింది, గట్టిగా ఊపింది. జారలేదు. వాళ్లమ్మ టోపీ చేతిలోకి తీసుకుని, చీర తిరగేసినట్టే తిరగేసింది. రిబ్బను వెంట వేలు పోనిచ్చింది.

"లోపల కూడా శాటినే ఎయ్యలేకపోయావా?"

"కాటన్ వదినా. చెమట పీలుస్తాది."

ఊఁ అంది. డబ్బులిచ్చింది, పూర్తిగా.

పెళ్లికి టోపీ గానీ ముసుగు గానీ కుట్టించుకునేవాళ్లకి చెబుతున్నాను: నెల ముందు రండి, ముడి వేసుకుని రండి. ఎక్కడ కొన్నా సరే, ముందు తిరగేసి లోపల చూడండి, దారం కనపడకపోతే కొనకండి. నాతోటి టైలరు అక్కాచెల్లెళ్లకి కూడా ఒక మాట. ఇలాంటి పనికి గంటలు రాసిపెట్టుకోండి, నేను మొదటిసారి రాసుకున్నాక గానీ ఎంత తక్కువ అడుగుతున్నానో నాకే తెలియలేదు. ఇప్పుడు టోపీకి 1,800 చెబుతున్నాను. అట్టతో, గమ్ముతో చేసివ్వమంటే చెయ్యను.

ఆ బార్‌కోడు అట్ట నా మిషను సొరుగులోనే ఉంది. టోపీయే కదా అన్నవాళ్లకి తీసి చూపిస్తున్నాను.