డువే, సెయింట్ ఓమేర్: అవి చదువుల బళ్లా, కుట్రల అడ్డాలా?

16వ శతాబ్దంలో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, ఇంగ్లండ్‌ది ప్రొటెస్టెంట్ ప్రభుత్వం. అందుకే అక్కడి కాథలిక్కులు పిల్లల్ని సముద్రం దాటించి చదివించారు. విలియం అలెన్ 1568లో డువేలో, రాబర్ట్ పర్సన్స్ 1593లో సెయింట్ ఓమేర్‌లో పెట్టిన విద్యాలయాల మీదే ఈ వాదం.

వాది: ముందు డబ్బెవరిదో చూడండి. ఇప్పుడు ఉత్తర ఫ్రాన్స్‌లో ఉన్న ఈ రెండు ఊళ్లూ అప్పట్లో స్పెయిన్ రాజు ఏలుబడిలోవే. డువేకి 1575 నుంచి పోపు నెలకు 100 బంగారు క్రౌన్లు మంజూరు చేశాడు. సెయింట్ ఓమేర్‌కి స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ భరణం ఇచ్చాడు. 1588లో ఇంగ్లండ్ మీదికి ఆర్మడా అనే యుద్ధనౌకల దండును పంపింది ఆ ఫిలిప్పే. శత్రువు సొమ్ముతో నడిచే బడిని ఏ ప్రభుత్వం ఊరుకుంటుంది?

ప్రతివాది: ఉన్న ఊళ్లో చదువుకోనిస్తే అంత దూరం ఎందుకు వెళతారండీ? 1581 నుంచి 16 ఏళ్లు దాటినవాళ్లు ఆక్స్‌ఫర్డ్‌లో చేరాలంటే ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లండ్ ప్రభుత్వ చర్చి, 39 విశ్వాస సూత్రాలకు సంతకం పెట్టాలి. పోనీ ఇంట్లో చెప్పిద్దామంటే, ఆ చర్చికి వెళ్లని మాస్టారిని పెట్టుకున్నవాళ్లకు నెలకు 10 పౌన్ల జరిమానా. ఆ మాస్టారికి ఏడాది జైలు.

వాది: డువేలో ముఖ్యంగా తయారైంది ఫాదర్లు. రోమ్‌లోని ఇంగ్లిష్ కాలేజీలోనైతే, పెద్దలు ఎప్పుడు పొమ్మంటే అప్పుడు ఇంగ్లండ్ వెళతామని 1579 నుంచి విద్యార్థుల చేత ప్రమాణం చేయించారు.

ప్రతివాది: వెళ్లి ఏం చేశారు? డువేలో చదివిన కుత్‌బర్ట్ మేన్‌ను 1577లో లాన్సెస్టన్‌లో ఉరితీశారు. సోదాలో దొరికింది మెడలో పోపు దీవించిన, గొర్రెపిల్ల ముద్ర ఉన్న మైనపు బిళ్ల, గడువు తీరిపోయిన ఒక పోపు ఆజ్ఞాపత్రం. కత్తీ లేదు, తుపాకీ లేదు.

వాది: మేన్ సంగతి సరే, అలెన్ మాటేమిటి? 1587లో కార్డినల్, అంటే పోపు తర్వాతి స్థాయి మతాధికారి, అయ్యాడు. మరుసటి ఏడే రాణిని దించమని ప్రజలకు రాశాడు. బడి పెట్టిన పెద్దమనిషే అలా రాస్తే, శిష్యులు అమాయకులంటే ఎవరు నమ్ముతారు?

ప్రతివాది: అది అలెన్ తప్పే, నేను వెనకేసుకురాను. ఆయన రాతకు మూల్యం చెల్లించింది కుర్రాళ్లు. కానీ చట్టం అంతకు మూడేళ్ల ముందే, 1585లో వచ్చింది. విదేశీ సెమినరీలో (ఫాదర్లను తయారుచేసే బడిలో) చదివేవాడు ప్రకటన వెలువడ్డ 6 నెలల్లో తిరిగొచ్చి, వచ్చిన 2 రోజుల్లో రాణికి ప్రమాణం చేయాలి. చేయకుండా దేశంలో అడుగుపెడితే రాజద్రోహం. అనుమతి లేకుండా బిడ్డను పంపితే 100 పౌన్ల జరిమానా. అందుకే పిల్లలు మారుపేర్లతో చేరారు.

వాది: మారుపేర్లతో తిరిగేవాళ్ల మీద అనుమానం రాదా?

ప్రతివాది: అసలు పేర్లతో కోర్టుకొస్తే మాత్రం ఏం జరిగింది? తర్వాతి శతాబ్దంలో, రాజు రెండవ చార్లెస్‌ను చంపే కాథలిక్ కుట్ర జరుగుతోందని టైటస్ ఓట్స్ అనేవాడు ఆరోపించాడు. 1678 ఏప్రిల్ 24న లండన్‌లో జెసూయిట్ల (ఒక కాథలిక్ ఫాదర్ల సంఘం) కుట్ర సమావేశాన్ని కళ్లారా చూశానన్నాడు. ఆ రోజు అతను మా బళ్లోనే ఉన్నాడని సెయింట్ ఓమేర్ విద్యార్థులు వచ్చి సాక్ష్యం చెప్పారు. కోర్టులో కాథలిక్కుల మాట చెల్లలేదు. 1679 జూన్ 20న ఐదుగురు జెసూయిట్లను చంపారు. ఓట్స్‌ది అబద్ధమని 1685లో తేలింది.

వాది: అది అన్యాయమే. అయినా అన్నిటికీ చట్టమే కారణమంటే ఒప్పుకోను. 1791 చట్టంతో ఇంగ్లండ్‌లో కాథలిక్ బళ్లకు అనుమతి వచ్చింది కదా, వెంటనే వచ్చేశారా? సెయింట్ ఓమేర్ బడి అప్పటికే ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ మీదుగా లియేజ్ చేరి అక్కడే ఉండిపోయింది. ఫ్రెంచి విప్లవ సైన్యం మీదికొస్తేనే 1794లో ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లోని స్టోనీహర్స్ట్‌కి కదిలింది.

ప్రతివాది: సైన్యం తరిమిందన్నది నిజమే. కానీ ఆ 1791 చట్టం లేకపోతే, లాంకషైర్‌లో బహిరంగంగా తలుపులు తెరవనిచ్చేవాళ్లా?