కుర్చీ మీద కూర్చున్న దుమ్ముగారికి

దుమ్ముగారికి నమస్కారాలు.

మొన్న మా వీధిలో ఒకాయన పోతే అందరికంటే ముందు వచ్చింది మీరే. చూశాను లెండి. టెంట్ హౌస్ వాళ్లు దించిన తెల్ల ప్లాస్టిక్ కుర్చీల మీద ఒక్కటీ వదలకుండా కూర్చున్నారు. మా చిన్నాయన కూర్చోబోతూ చేతిరుమాలుతో తుడిస్తే నల్లటి చార పడింది. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "మటన్ బంద్ చెయ్యమంటే విన్నడా? గుండె ఆగింది" అన్నాడు. పక్కాయన కొడుకు పెళ్లి టెన్షన్ అన్నాడు. సిగరెట్ అన్నాడు ఇంకొకాయన. జన్మలో ముట్టలేదని ఎవరో చెబితే, "పక్కన తాగేటోళ్లు ఉంటరు గదా" అని తేల్చేశాడు. గంటన్నర సేపు మటన్, ఉప్పు, షుగరు, ఫోను, చివరికి కోడల్ని కూడా బోనెక్కించారు గానీ మీ పేరు ఒక్కరు ఎత్తితే ఒట్టు.

మహారాష్ట్రలో బొగ్గు గనుల ఊరైన చంద్రపూర్‌లో ఉంటూ మిమ్మల్ని మరిచిపోవడం మామూలు విషయం కాదు. బొగ్గు పని కోసం మా తాత గోదావరి దాటి వచ్చినప్పటి నుంచీ మీరు మా ఇంటి మనిషే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు ఎంత కాలుష్యమో చూసి నూటికి మార్కులేస్తే మాకు 83.88 వచ్చాయి, దేశంలో నాలుగో ర్యాంకు. మా పిల్లలెవరికీ అలాంటి ర్యాంకు రాలేదు, అందుకే చెప్తున్నా.

మా అమ్మ డాబా మీద వడియాలు పెట్టి పాత చీర కప్పుతుంది. సాయంత్రానికి ఆ చీర బూడిద రంగుకి తిరుగుతుంది. "జర దుబ్బ పడ్డది, దులిపితే పోతది" అంటుంది. దులిపితే పోయేది మీరు. కంటికి కనబడేంత లావున్నవారు కాబట్టి ముక్కులోనో గొంతులోనో ఆగిపోతారు, తుమ్మితే బయటపడతారు. నా గొడవంతా మీ తమ్ముడితో, కంటికి కనబడని ఆ సన్నటి దుమ్ముతో. పీఎం 2.5 అట పేరు, ఆ పేరు పెట్టుకున్నాక ఇక ఎవరు నిలదీస్తారు! తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు కూడా ఉండడు. ఊపిరితిత్తుల చిట్టచివరి గదుల దాకా పోయి అక్కడ వాపు పుట్టిస్తాడు, వాడిలో మరీ సన్నటి రకం నేరుగా రక్తంలోకే దూరుతుంది. రక్తనాళాల లోపలి పొర పాడవుతుంది, బీపీ పెరుగుతుంది, రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువవుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వు ఒకరోజు పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. దాన్ని మేము "మటన్ తిన్నాడు" అంటాం.

మటన్‌ని, సిగరెట్‌ని నిర్దోషులని అనడం లేదు. అవి తలుపు గడియ తీసి పెడతాయి, మీ తమ్ముడు లోపలికొస్తాడు. అప్పటికే రక్తనాళాలు పూడుకున్న మనిషికి గాలి బాగా చెడిన కొన్ని గంటలు, కొన్ని రోజులు చాలు, గుండెపోటు రావడానికి. 2019లో బయటి గాలి కాలుష్యం వల్ల ప్రపంచంలో 42 లక్షల మంది ముందుగానే పోయారని, అందులో 68 శాతం గుండె జబ్బు, పక్షవాతం వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మేమేమో మీ వల్ల దగ్గు వస్తుందని కఫ్ సిరప్ తాగుతున్నాం.

ఆ సంస్థే 2021లో మీ తమ్ముడికి ఘనపు మీటరు గాలిలో రోజు సగటున 15 మైక్రోగ్రాములు మించకూడదని చెప్పింది. మన దేశం 60 దాకా సరే అంది. అతిథి మర్యాదల్లో మనల్ని కొట్టేవారు లేరు.

ఆ చావు చూసి నేనూ భయపడి మార్నింగ్ వాక్ మొదలుపెట్టాను. జనవరి నెల, ఐదున్నర. చలికి పొగ పైకి లేవదు, నడుం ఎత్తులో రోడ్డు మీదే పడుకుని ఉంటుంది. ఒకపక్క బొగ్గు లారీల వరుస, ఇంకోపక్క చెత్త తగలబెట్టి చలి కాచుకునేవాళ్లు, మధ్యలో నేను గుండె బాగుపడాలని ఎగశ్వాసతో మీ తమ్ముణ్ని రెట్టింపు పీలుస్తూ. నాలుగు రోజులకి బుద్ధొచ్చింది. ఇప్పుడు ఎండెక్కి పొగ చెదిరాకే బయల్దేరుతున్నాను. వీధిలో నాకు బద్ధకం అని పేరొచ్చింది, రానీ.

వచ్చే బుధవారం ఆయన పదకొండో రోజు. అదే టెంట్ హౌస్, అవే కుర్చీలు. దండ వేసే ముందు ఫోటో అద్దం ఒకసారి తుడవమని వాళ్ల అబ్బాయికి చెప్పాను. మీకు విడిగా పిలుపు పంపడం లేదు. వస్తారుగా.

ఇట్లు,
మీ వీధిలోవాడు