మనమే తవ్వుకున్న ఖనిజం ఫ్రీనా?

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో కొత్తగా ఓడల తయారీ మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: "ఖనిజం నేనే తవ్వుకుంటున్నా, ఇంక నాకు ఖర్చేముంది? అమ్మిందంతా లాభమే." నేనూ అన్నాను. నెల రోజులు రిఫ్టర్లు అనే చిన్న ఓడలు కట్టి అమ్మాను. ఖాతాలో ఆ ఆట డబ్బు ఐఎస్‌కే పెరుగుతుంటే తెగ సంబరపడ్డాను. ఒక రాత్రి కూర్చుని లెక్క వేస్తే అసలు సంగతి బయటపడింది. ఓడలు కట్టకుండా ట్రిటానియం, పైరైట్ లాంటి ఖనిజాలను అలాగే అమ్మేసి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేది. నెలంతా నేను చేసింది విలువైన సరుకును తక్కువ విలువ సరుకుగా మార్చడం!

లెక్క చిన్నదే. ఒక ఓడకు పట్టే ఖనిజం అమ్మితే 5 లక్షలు వస్తుంది, కట్టిన ఓడ 4 లక్షల 80 వేలకు పోతుంది అనుకుందాం. ఖనిజం ఫ్రీ అనుకునేవాడికి కనపడేది 4 లక్షల 80 వేల లాభం. జరిగింది 20 వేల నష్టం. ఫ్యాక్టరీ జాబ్ ఫీజు, బ్రోకర్ ఫీజు, అమ్మకం పన్ను దీనికి అదనం.

నష్టపోయేది అతనొక్కడే అయితే ఫర్వాలేదు. 2003 నుంచి నడుస్తున్న ఈ ఆటలో, చైనా సర్వర్‌ను పక్కన పెడితే, అందరూ ట్రాంక్విలిటీ అనే ఒకే సర్వర్‌లో ఉంటారు. ఓడలు, తుపాకులు, మందుగుండు దాదాపు అన్నీ ఆటగాళ్లు తయారు చేసుకునేవే. అలాంటి చోట లెక్క చూసుకోకుండా అమ్మేవాళ్లు వందల్లో ఉంటే, ఆ సరుకు ధర దాని ముడిసరుకు ధర కంటే కిందికి పడిపోతుంది. లెక్క సరిగ్గా వేసేవాడికి అక్కడ చోటుండదు. అందుకే చిన్న ఓడల మార్కెట్ ఎప్పుడూ కిటకిటలాడుతూ ఉంటుంది కానీ అందులో గిట్టుబాటు తక్కువ. ఎక్కువ పెట్టుబడి, ఎక్కువ కాలం నేర్చుకున్న నైపుణ్యాలు, ఓపిక అడిగే సరుకుల్లోనే మార్జిన్ మిగులుతుంది. నా దృష్టిలో తయారీదారుడు తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న ఏం కట్టాలన్నది కాదు, ఎవరితో పోటీ పడకూడదన్నది.

ఇక ఖర్చు తగ్గించే దారులు ఆటలోనే ఉన్నాయి. తయారీ నమూనా అయిన బ్లూప్రింట్‌పై పరిశోధన చేయిస్తే ముడిసరుకు 10 శాతం దాకా తగ్గుతుంది. వినడానికి చిన్నదే కానీ చాలా సరుకుల్లో మొత్తం లాభమే అంత ఉండదు. 2014లో వచ్చిన క్రియస్ అప్‌డేట్ ఇంకో మెలిక పెట్టింది. ఒక సిస్టమ్‌లో, అంటే ఒక నక్షత్ర వ్యవస్థలో, ఎంత ఎక్కువమంది తయారీ పెట్టుకుంటే అక్కడ జాబ్ ఫీజు అంత పెరుగుతుంది. పెద్ద మార్కెట్ అయిన జిటా పక్కనే ఫ్యాక్టరీ పెట్టుకుంటే రవాణా కలిసొస్తుంది, ఫీజు మోత పెరుగుతుంది. దూరం వెళితే ఫీజు తగ్గుతుంది, సరుకు మోసే దారి పొడవవుతుంది.

ఆ దారి దగ్గరే చాలామంది మునుగుతారు. భద్రమైన సిస్టమ్‌లలో కాంకర్డ్ పోలీసులు ఉంటారు, నిజమే. కానీ వాళ్లు వచ్చేది దాడి మొదలయ్యాక. దాడి చేసినవాడి ఓడ పేలుతుంది, ఈలోపు మీదీ పేలిపోతుంది. సరుకు మోసే పెద్ద ఓడ ఫ్రైటర్‌ను కాచుకుని కూర్చునేవాళ్లు కోపంతో కొట్టరు, లెక్క వేసుకుని కొడతారు. పేలిన ఓడలో ఒక్కో సరుకు మిగిలే అవకాశం దాదాపు సగం. మీరు మోసే సరుకు విలువలో సగం, వాళ్లు పోగొట్టుకునే ఓడల ఖరీదు కంటే ఎక్కువైతే మీరు బేరమే. రెండు ట్రిప్పులు ఎందుకు దండగని అంతా ఒకే ఓడలో నింపేవాడు తన లెక్క వేసుకున్నాడు, వాళ్ల లెక్క మర్చిపోయాడు. 2012లో గూన్‌స్వార్మ్ అనే ఆటగాళ్ల కూటమి 'బర్న్ జిటా' పేరుతో నేరుగా జిటాలోనే ఫ్రైటర్లను పేల్చింది.

అమ్మకం దగ్గర ఇంకో తమాషా నడిచేది. ఒకప్పుడు పక్కవాడి ధర కంటే 0.01 ఐఎస్‌కే తగ్గించి పెడితే చాలు, మన సరుకే ముందు పోయేది. రోజంతా స్క్రీన్ ముందు కూర్చుని ఆ పైసా తగ్గించడమే వ్యాపారం అనుకునేవాళ్లు. 2020లో ధరలో మొదటి నాలుగు అంకెల వరకే మార్చాలన్న నిబంధన వచ్చింది. అంటే కోటీ 20 లక్షల సరుకుకు కనీసం 10 వేలు తగ్గించాలి. పైగా ధర మార్చిన ప్రతిసారీ ఫీజు. అప్పుడు కొందరు గోల చేశారు కానీ, నాకైతే మంచి పనే అనిపించింది. ఎవడు ఎక్కువసేపు మేలుకుంటే వాడే వ్యాపారి అనే పరిస్థితి కొంతైనా తగ్గింది.

ఇన్ని ఓడలు కొనేదెవరు? పోగొట్టుకున్నవాళ్లు. ఈ ఆటలో పేలిన ఓడ మళ్లీ రాదు, ఇన్సూరెన్స్ కొంత ఇస్తుంది, అంతే. అందుకే తయారీదారులు యుద్ధ వార్తలు అంత శ్రద్ధగా చదువుతారు. 2014 జనవరిలో బి-ఆర్5ఆర్‌బి సిస్టమ్‌లో జరిగిన పోరులో ఆటలోకెల్లా పెద్ద ఓడలైన టైటాన్లు 75 కూలిపోయాయి. ఒక్కో టైటాన్ కట్టడానికే వారాలు పడుతుంది. అంత పెద్ద యుద్ధానికి నిప్పు పెట్టింది, ఆ సిస్టమ్‌పై హక్కు నిలుపుకోవడానికి కట్టాల్సిన బిల్లు కట్టకపోవడం! లెక్కల పుస్తకం చూసేవాళ్లను ఎగతాళి చేసే ఫ్లీట్ కమాండర్లకు నేను ఈ కథే చెబుతుంటాను.

ఈ ఆటను చాలామంది 'అంతరిక్షంలో స్ప్రెడ్‌షీట్లు' అని వెక్కిరిస్తారు. 2022లో ఆటను తయారు చేసిన సీసీపీ సంస్థ నిజంగానే ఎక్సెల్‌ను ఆటతో కలుపుతామని ప్రకటించింది. నా షీట్‌లో రెండు ట్యాబ్‌లు ఉన్నాయి, ఒకటి తవ్వకానికి, ఒకటి ఫ్యాక్టరీకి. తవ్విన ఖనిజాన్ని ఆ రోజు జిటా ధరకు మొదటి ట్యాబ్ రెండోదానికి అమ్ముతుంది. చూసేవాళ్లకు పిచ్చిగా ఉంటుంది, రెండు జేబులూ నావే కదా అని. పోయిన వారం ఫ్యాక్టరీ ట్యాబ్ ఆ ధరకు కొననంది. రిఫ్టర్లు కట్టలేదు, ఖనిజం అలాగే అమ్మేశాను.