సాఫీగా చెవిలో పువ్వు

పాడ్‌కాస్టులు చేసే మన కుర్రాళ్ళకి ఈమధ్య ‘సెగ్వే’ పట్టుకుంది. అతిథి చిన్నప్పుడు తను ఈత నేర్చుకున్న బావి గురించి తన్మయంగా చెబుతుంటాడు. హోస్టు చిటికేసి, ‘నైస్ సెగ్వే బ్రో! నీళ్ళంటే గుర్తొచ్చింది...’ అంటూ వాటర్ ప్యూరిఫయర్ డిస్కౌంట్ కోడ్ చదివేస్తాడు. అతిథి పాపం బావి గట్టు మీదే ఉండిపోతాడు.

ఈ మహావిద్య తెలియని అమాయకుల కోసం చెబుతున్నాను. సెగ్వే అంటే ఒక విషయంలోంచి ఇంకో విషయంలోకి కుదుపు లేకుండా జారిపోవడం. మాట ఇటాలియన్‌ది, ‘వెనకే వస్తుంది’ అని అర్థం. పాశ్చాత్య సంగీతంలో స్వరాలు రాసిన కాగితం మీద అది కనిపిస్తే, ఆగకుండా తర్వాతి భాగం అందుకోవాలి. స్పెల్లింగు (segue) చూసి ‘లీగ్’ బాణీలో ‘సీగ్’ అని చదివారో, మీ పరువు పోయినట్టే. 2001లో ఒక రెండు చక్రాల బండికి స్పెల్లింగు కాస్త మార్చి ఇదే పేరు పెట్టారు. నగరాల రూపురేఖలు మారిపోతాయన్నారు. చివరికి మాల్స్‌లో సెక్యూరిటీ వాళ్ళు, టూరిస్టులు ఎక్కారు. 2020లో తయారీ ఆపేశారు. బండి పోయింది, మాట మన నెత్తినెక్కింది.

నిజానికి ఈ విద్యలో మనం ఎవరికీ తీసిపోం. ‘అన్నట్టు’ అన్న ఒక్క మాటతో పెళ్ళి సంబంధంలోంచి ప్రహరీ గోడ తగాదాలోకి దూకగల పిన్నులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. హరిదాసు కూడా అసలు కథ వదిలి పిట్టకథలోకి వెళతాడు. కానీ దొంగతనంగా వెళ్ళడు. ‘శ్రీమద్రమారమణ గోవిందో హరి’ అని పందిరంతా అదిరేలా అనిపిస్తాడు. కునికిపాట్లు పడేవాడు కూడా ఉలిక్కిపడి లేస్తాడు.

మన యూట్యూబు దాసు దారి వేరు. రాజమండ్రి పుష్కర్ ఘాట్‌లో వ్లాగ్ తీస్తున్నాడనుకోండి. ‘ఫ్రెండ్స్, నాన్న అస్థికలు గోదాట్లో కలుపుతుంటే చేతులు వణికాయి. వణుకంటే గుర్తొచ్చింది, మీ వీడియోలూ వణుకుతున్నాయా? ఈ గింబల్ చూడండి.’ పంతులుగారు గోత్రం అడుగుతారు. ‘గోత్రం అంటే ఐడెంటిటీ! మీ పాస్‌వర్డ్‌లు భద్రంగా ఉన్నాయా?’ పిండం పెట్టి అరగంటైనా కాకి రాదు. ‘అంతసేపు ఎదురుచూడటం నాన్నకి అసలు నచ్చదు ఫ్రెండ్స్. అందుకే పది నిమిషాల్లో డెలివరీ...’ అప్పటికి కాకి వచ్చి వాలుతుంది, బహుశా కోడ్ రాసుకోవడానికి.

ఇంతవరకూ నవ్వుకుందాం. బెట్టింగ్ యాప్‌ల దగ్గరికొచ్చేసరికి నాకు నవ్వు రాదు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడించే ఆటల్ని తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించాయి. అయినా ‘అమ్మకి పట్టుచీర కొన్నాను, ఆ కళ్ళలో ఆనందం చూడండి! ఈ డబ్బు ఎక్కడిదంటారా? లింక్ కింద ఉంది’ అంటూ వీడియోలు వస్తూనే పోయాయి. హాస్టల్ గదిలో కూర్చున్న కుర్రాడికి కథ ఎక్కడ ఆగిందో, బేరం ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఫీజు డబ్బు పోయింది. దాన్ని రాబట్టుకోవాలని లోన్ యాప్‌లో చేసిన అప్పూ పోయింది. అది తీర్చడానికి ఊళ్ళో తండ్రి పొలం బేరం పెట్టాడు. ఒక్క కుదుపు ఉండుంటే వాడు ఆగి ఆలోచించేవాడు కదరా! ఆ కుదుపు లేకుండా చేసినందుకే కదా మీకు డబ్బులిచ్చారు? దాన్ని మీరు కళ అంటారా? ప్రెజెంటేషన్ స్కిల్ అంటారా?

2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు కేసులు పెట్టాక గానీ గొంతులు మారలేదు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ తీసేసి, మేకప్ తగ్గించి, ‘తెలియక చేశాం’ అని వరుసగా వీడియోలు వదిలారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. చట్టం యాప్‌ని ఆపగలదేమో గానీ, క్షమించమని జోడించిన చేతులు దించకుండానే ‘సబ్‌స్క్రైబ్ చేసి గంట నొక్కండి’ అనగలిగే నోటికి ఏ సెక్షన్ పెట్టాలో పోలీసులకి మాత్రం ఎవరు చెప్పగలరు?