మోగని సైరనుకు నూరు శాతం

విపత్తు నష్ట నివారణ పథకాల మూల్యాంకన నివేదిక గారికి,

నమస్కారములు. నిన్న మధ్యాహ్నం మాక్ డ్రిల్ ఉందని, సైరన్ మోగగానే ఎత్తైన చోటికి కదలాలని చెబితే, కాగితాల సంచీ చంకన పెట్టుకొని, నడవలేని పెద్దవాళ్లను కుర్చీలతో సహా వాకిట్లోకి తెచ్చి, మూడు గంటలు చెవులు రిక్కించి కూర్చున్నాము. సైరన్ మోగలేదు. సాయంత్రం ఒక యువకుడు వచ్చి, డ్రిల్ విజయవంతంగా ముగిసిందని చెప్పి సంతకాలు తీసుకొని వెళ్లాడు. రాత్రి తమరి పుటలు తిరగేస్తే అదే సైరన్ ఎదురుగా ‘పురోగతి: నూరు శాతం’ అని కనిపించింది. స్తంభం నిలబెట్టారు, బిల్లు చెల్లించారు, ఫొటో తీశారు కనుక అందులో అబద్ధమేమీ లేదు. అది మోగుతుందా, ఎవరికైనా వినిపిస్తుందా, విన్నవాళ్లు కదులుతారా అన్న ప్రశ్నలకే తమరి పట్టికలో గడి లేదు. విపత్తు నష్టాన్ని తగ్గించడానికి 2015లో జపాన్‌లోని సెండాయ్ నగరంలో దేశాలన్నీ ఒప్పుకున్న ఏడు లక్ష్యాలలో ముందస్తు హెచ్చరిక ప్రజలకు అందుబాటులోకి రావడం ఒకటి. స్తంభాల సంఖ్య పెంచడం ఆ ఏడింటిలో లేదు.

ఇల్లు కాలాక నుయ్యి తవ్వేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. తమరు ముందే తవ్వించారు, సంతోషం. లోతు కొలిచారు, గట్టుకు సున్నం కూడా వేయించారు. నీరు పడిందో లేదో తొంగి చూడడం మాత్రం తమరి పరిధిలోకి రాలేదు.

జరగని నష్టాన్ని లెక్కకట్టడం కష్టమేనని ఒప్పుకుంటాను. జపాన్‌లోని ఫుదాయ్ గ్రామంలో 1984లో పూర్తయిన 15.5 మీటర్ల వరద గేటును దుబారా అని తిట్టినవాళ్లున్నారు. 2011 మార్చి 11న సునామీ వచ్చినప్పుడు ఊరి ఇళ్లు దాని వెనుకనే నిలిచాయి. అదే తీరంలోని తారోలో జనం ఎంతో నమ్ముకున్న 10 మీటర్ల గోడను అల దాటి ఊరి మీద పడింది. తమరి కొలమానం ప్రకారం రెండింటికీ నూరే, రెండూ కట్టడం పూర్తయింది కదా!

ముందుమాటలో, పెట్టిన ప్రతి డాలరూ ఆరు డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని ఘనంగా రాసుకున్నారు. అది అమెరికాలోని జాతీయ భవన శాస్త్రాల సంస్థ విపత్తు నష్ట నివారణకు అక్కడి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన గ్రాంట్లను పరిశీలించి 2019లో ఇచ్చిన సగటు. పక్కవాడి పంటను మన గాదెలో రాసుకుంటే గింజలు వచ్చి పడవు. పథకం నడిపిన శాఖే తన పేపరు తానే దిద్దుకున్న సంగతి, నిర్వహణ ఖర్చు ఏ అనుబంధంలోనూ కనబడని సంగతి మరోసారి మాట్లాడుకుందాం.

ఇక ఈ మర్యాద నా వల్ల కాదు. సైరన్ ఎందుకు మోగలేదో చెప్పు. బ్యాటరీ చచ్చిందా, తీగ తెగిందా, మీట నొక్కవలసిన మనిషి సెలవులో ఉన్నాడా? నీ వందల పుటల్లో ఈ ఒక్క వాక్యానికి చోటు దొరకలేదా? నిన్నటి ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నూరులో ఒకటి తగ్గించి రాసుకో.

ఇట్లు,
వాకిట్లో కూర్చున్నవాడు