పికప్ మార్చే ముందు వైరింగ్ సంగతి చూడండి

ఎలక్ట్రిక్ గిటార్ స్వరం నచ్చలేదని ఎవరైనా అనగానే, తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్పులను మార్చెయ్యమనే సలహా వెంటనే వచ్చి పడుతుంది. విదేశం నుంచి తెప్పించిన జత ధరకు దిగుమతి సుంకం కూడా తోడైతే ఆ ఖర్చు కొన్నిసార్లు గిటార్ ధరనే మించిపోతుంది. ఈ సలహాతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. పెళ్లి ఆర్కెస్ట్రాలో మెలొడీ పాటకూ, ఆదివారం చర్చిలో ఆరాధన పాటకూ, మిత్రుల రాక్ బ్యాండుకూ ఒకే గిటార్‌ను పట్టుకుని తిరిగే వాద్యకారుడు ముందుగా చేయించుకోవలసింది వైరింగ్ మార్పు. దానికి కావలసిన సామాను కొన్ని వందల రూపాయలకు మించదు.

గిటార్ స్వరాన్ని పికప్ ఒక్కటే నిర్ణయించదు. అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు తిరిగిన సన్నని రాగి తీగకు ఇండక్టెన్స్ ఉంటుంది, ఆంప్ (యాంప్లిఫయర్) దాకా వెళ్లే కేబుల్‌కు కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒకానొక పౌనఃపున్యం దగ్గర ధ్వనిని పైకి లేపి, ఆపైన ఉన్నదాన్ని కోసేస్తాయి. మనం ఒక పికప్‌ను మెరుస్తోందనీ, ఇంకోదాన్ని మొద్దుగా ఉందనీ అనడానికి చాలావరకు కారణం ఆ శిఖరం ఎక్కడుంది, ఎంత ఎత్తుంది అన్నదే. ఇండక్టెన్స్ 2.4 హెన్రీలుండే మామూలు స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్) పికప్‌ను తీసుకుని, కేబుల్‌కు మీటరుకు 100 పికోఫారడ్లు, గిటార్ లోపలి వైర్లకు మరో 100 వేసి లెక్కకట్టండి. 3 మీటర్ల కేబుల్‌తో ఆ శిఖరం సుమారు 5,100 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది, 6 మీటర్ల కేబుల్ పెడితే 3,900 దగ్గరకు దిగిపోతుంది. అంటే పికప్‌ను ముట్టుకోకుండానే స్వరం మారిపోయింది. అదే 6 మీటర్ల కేబుల్‌తో 4.5 హెన్రీల హమ్‌బకర్ (రెండు తీగచుట్టలు, అంటే కాయిల్స్, ఉన్న పికప్) శిఖరం 2,800 దరిదాపుల్లో ఉంటుంది.

శిఖరం ఎత్తు పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే రెసిస్టెన్స్ మారే పరికరం) చేతిలో ఉంటుంది. ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్‌కు 250కె (250 కిలో ఓములు), హమ్‌బకర్‌కు 500కె అన్న ఆనవాయితీ ఇందుకే ఏర్పడింది. విలువ తగ్గేకొద్దీ పాట్ ఆ శిఖరాన్ని అణచివేస్తుంది. మామూలు పాట్ల విలువలో 20 శాతం దాకా తేడా సహజం కాబట్టి 500కె అని ముద్రించి ఉన్నది నిజంగా 400 కావచ్చు, 600 కావచ్చు. రెండు గిటార్లలో ఒకే పికప్ వేరువేరుగా పలుకుతోందని పికప్‌ను తిట్టేవాళ్లు ముందు మల్టీమీటరుతో ఆ పాట్‌ను కొలిచి చూడాలి.

టోన్ నాబ్‌తో కలిసి పై స్వరాలను కోసే టోన్ కెపాసిటర్ విషయంలో జరుగుతున్న వ్యాపారం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నూనెలో నానిన కాగితంతో చేసిన పాతకాలపు కెపాసిటర్లను వేలకు వేలు పోసి కొనేవాళ్లున్నారు. గిటార్‌లో ఉండే స్వల్ప వోల్టేజీ దగ్గర వినిపించేది దాని విలువే తప్ప దాని వంశం కాదు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్ని రూపాయలకు దొరికే చిన్న పాలియెస్టర్ కెపాసిటర్ ఆ పని చక్కగా చేసిపెడుతుంది. దాని రకం గురించి ఇంత ఆరాటపడేవాళ్లు విలువ మార్చి చూడాలని మాత్రం అనుకోరు. పైన చెప్పిన హమ్‌బకర్‌కు వాడుకలో ఉన్న 0.022 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటే, టోన్ నాబ్‌ను పూర్తిగా తగ్గించినప్పుడు శిఖరం 500 హెర్ట్జ్ దగ్గరకు కూలిపోయి స్వరం దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. అక్కడ 0.0047 పెట్టండి. శిఖరం 1,000 దగ్గర ఆగుతుంది. చాలామంది వాడకుండా వదిలేసే ఆ నాబ్ చివరి సగం ముక్కుతో పలికినట్టుండే, సోలోకు పనికొచ్చే స్వరంగా మారుతుంది.

ఇక కాయిల్ స్ప్లిట్. గిటార్ల కంపెనీ గిబ్సన్‌లో ఇంజనీరు సెత్ లవర్ 1955లో దరఖాస్తు చేసి 1959లో పేటెంట్ పొందిన హమ్‌బకర్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురు దిశలో ఉండి కరెంటు మోతను రద్దు చేసుకుంటాయి. స్ప్లిట్ స్విచ్ వాటిలో ఒకదాన్ని ఆపేస్తుంది. దానితో హమ్‌బకర్ గిటార్ స్ట్రాట్ అయిపోతుందన్న ప్రచారాన్ని నేను ఒప్పుకోను. స్ట్రాట్ పికప్‌లో కడ్డీలే అయస్కాంతాలు, హమ్‌బకర్‌లో అయస్కాంతం కింద అడ్డంగా పడుకుని ఉంటుంది. చుట్ల సంఖ్య వేరు, కాయిల్ ఆకారం వేరు. స్ప్లిట్ చేసినప్పుడు మిగిలేది సగం బలం, తిరిగొచ్చిన మోత. దీనికన్నా రెండు కాయిల్స్‌ను సమాంతరంగా కలిపే స్విచ్ ఎంతో మేలు. ఒకదాని వెంట ఒకటి కలిపే సిరీస్‌తో పోలిస్తే ఇండక్టెన్స్ సుమారు నాలుగో వంతుకు పడిపోయి స్వరం తేటపడుతుంది, మోత మాత్రం తిరిగి రాదు. నాలుగు వైర్ల హమ్‌బకర్, ఒక పుష్-పుల్ పాట్ (పైకి లాగితే స్విచ్‌గా పనిచేసే పాట్) ఉంటే చాలు. ఇంత సులువైన మార్పును వదిలేసి చాలా కొత్త గిటార్లు ఇంకా స్ప్లిట్‌నే గొప్పగా ప్రకటించుకోవడం ఎందుకో నాకు అంతుపట్టదు.

స్ట్రాట్ ఉన్నవాళ్లకైతే కొత్త సామాను కూడా అక్కర్లేదు. 1954లో వచ్చిన ఆ గిటార్‌కు మొదట ఉన్నది మూడు స్థానాల స్విచ్చే. వాద్యకారులు దాన్ని మధ్యలో ఇరికించి రెండు పికప్పులను కలిపి వాయించడం అలవాటు చేసుకున్నాక, 1977లో గానీ ఫెండర్ ఐదు స్థానాల స్విచ్ పెట్టలేదు. బ్రిడ్జ్ పికప్‌కు (తీగలు గిటార్ ఒంటికి ఆనే చోటు పక్కన ఉండేది) టోన్ నాబ్ లేకపోవడం సంప్రదాయ వైరింగ్‌లోని పెద్ద లోపం. చెవుల్లో గుచ్చుకునే పికప్ అదే, దాన్ని మెత్తబరిచే దారి లేనిదీ దానికే. స్విచ్ మీద ఒక చిన్న వైరు ముక్కకు టంకం పెడితే రెండో టోన్ నాబ్ దానికి పనిచేస్తుంది. ఇంకో అడుగు వేయదలిస్తే, మెడ పక్కన ఉండే నెక్ పికప్‌ను ఏ స్థానంలోనైనా కలిపే స్విచ్ పెట్టుకోవచ్చు. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాట్‌లో ఉన్న చిన్న స్విచ్ చేసే పని ఇదే. ఐదు స్వరాలు ఏడవుతాయి.

ఏడు చాలు అన్నది నా అభిప్రాయం. క్వీన్ బ్యాండు గిటారిస్టు బ్రయాన్ మే 1963లో తండ్రితో కలిసి తయారు చేయడం మొదలుపెట్టిన రెడ్ స్పెషల్‌లో మూడు పికప్పులకు విడివిడిగా ఆన్-ఆఫ్ స్విచ్చులు, ఫేజ్ (సంకేతాన్ని తలకిందులు చేసే) స్విచ్చులు ఉన్నాయనీ, అవన్నీ సిరీస్‌లో ఉన్నాయనీ ఉదాహరణ చూపి, తమ గిటార్‌కు కూడా అరడజను స్విచ్చులు పెట్టించుకునేవాళ్లు ఒక సంగతి మరచిపోతున్నారు. ఆయన ఆ ఒక్క గిటార్‌తోనే దశాబ్దాలు గడిపారు. వెలుతురు సరిగా లేని వేదిక మీద, పాటకు పాటకు మధ్య గాయకుడు శ్రుతి మార్చమని అరుస్తుంటే, ఏ స్విచ్ పైకుంది ఏది కిందికుంది అని వెతుక్కునేవాడికి ఆ వైవిధ్యం ఉపయోగపడదు. ఫేజ్ తిప్పడమైతే మరీను. రెండు పికప్పులు సమాన బలంతో ఎదురెదురైతే స్వరం సన్నబడి బ్యాండులో మాయమవుతుంది. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ గిటారిస్టు పీటర్ గ్రీన్ 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటార్ మీద అది అందంగా వినిపించిందంటే, ఆ గిటార్‌లో రెండు పికప్పులకూ వేరువేరు వాల్యూమ్ నాబులున్నాయి, ఒకదాన్ని కాస్త తగ్గించే వీలుంది. ఒకే వాల్యూమ్ ఉన్న గిటార్‌లో ఫేజ్ స్విచ్ పెట్టించడం దండగ.

మోత గురించి కూడా ఒక మాట. రాగి రేకుతో లోపలి గుంటలను కప్పి ఎర్త్ చేస్తే చౌకబారు ఇన్వర్టరు, ఫ్యాన్ రెగ్యులేటరు పుట్టించే చిరచిర బాగా తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి అయస్కాంత క్షేత్రంగా వచ్చే 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత మాత్రం రాగికి లొంగదు, దానికి ఎదురు కాయిల్ ఒక్కటే మందు. రెంటినీ కలగలిపి రేకు వేసినా లాభం లేదని ప్రచారం చేయడం అన్యాయం.

బ్రిడ్జ్‌లో హమ్‌బకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్స్ ఉన్న గిటార్ నాకు ఎవరైనా అప్పగిస్తే చేయించేది ఇంతే. పాట్లన్నీ 500కె పెట్టి, సింగిల్ కాయిల్స్ దగ్గర మాత్రం సమాంతరంగా 470కె రెసిస్టర్ వేస్తే వాటికి సుమారు 242కె భారం పడి స్వరం చెవిని కొట్టదు. హమ్‌బకర్‌కు సిరీస్, సమాంతర మార్పిడి ఒక పుష్-పుల్‌లో ఉంటుంది. వాల్యూమ్ తగ్గించినప్పుడు పై స్వరాలు చచ్చిపోకుండా 150కె రెసిస్టర్, 1,000 పికోఫారడ్ల కెపాసిటర్ పక్కపక్కన కలిపి ఆ పాట్ మీద వేస్తాను. ఆంప్‌ను కొంచెం గరగరలాడేలా పెట్టుకుని వాల్యూమ్‌ను పదికి తిప్పితే లీడ్, ఐదుకు దించితే శుభ్రమైన రిథమ్ ఒకే నాబ్‌లో దొరుకుతాయి. ఆ తర్వాత స్క్రూ డ్రైవర్‌తో పికప్ ఎత్తు సరిచేసుకోవాలి. స్ట్రాట్ రకం పికప్‌ను, చివరి ఫ్రెట్ (మెడ మీది లోహపు పట్టీ) దగ్గర తీగ నొక్కిపట్టి చూసినప్పుడు, సుమారు 2 మిల్లీమీటర్ల కన్నా దగ్గరకు లేపితే అయస్కాంతం తీగను లాగి శ్రుతినే చెడగొడుతుంది. ఇవన్నీ చేశాక కూడా స్వరం నచ్చకపోతే, అప్పుడు తప్పకుండా పికప్ కొనుక్కోండి.